నాడె మూట

1945లో దసరా నాడు, పొద్దు గుంకకముందు, కిష్టవ్వ నాడె మూట నెత్తిన పెట్టుకొని జమ్మిచెట్టు దగ్గరికి వెళ్ళింది. సిద్దిపేట సాలెవాడ నుంచి ఒక ఆడమనిషి జమ్మికి పోవడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

మూటలో ఉన్నవి పడుగు మధ్య అటూ ఇటూ విసిరి నేసే నాడె, నూలు చుట్టే కండెలు, కత్తెర, పడుగు పోగులకు గంజి పట్టించే కుంచె. మహర్నవమి నాడు పొద్దున్నే సాలెవాడలో ప్రతి ఇంట్లో వీటిని కడుగుతారు. పసుపూ కుంకుమా పెట్టి, పసుపు గుడ్డలో మూట కట్టి, అమ్మవారి ముందు పీట మీద ఉంచుతారు. అప్పటినుంచి ఆ మూట ఎవరూ విప్పరు. నేసేవాళ్ళు కాళ్ళు దించి కూర్చునే మగ్గం గుంతలోకి ఎవరూ దిగరు. దసరా సాయంత్రం ఆ ఇంటి మగవాడు జమ్మికి పోయి ఆకు తెచ్చి మూట మీద పెడతాడు. ఆ మర్నాడు మూట విప్పుతారు, మగ్గం నడుస్తుంది. ఆకు పెట్టినవాడిదే ఆ ఏడు మగ్గం అని వాడలో ఒక మాట ఉంది. ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు. ఏ ఇంట్లోనైనా నేసేవాడూ ఆకు తెచ్చేవాడూ ఒక్కడే కదా.

కిష్టవ్వ ఇంట్లో అలా లేదు. ఆమె మొగుడు ఇస్తారి నిరుడు ఉగాదికి ముందు జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. ఇంట్లో మిగిలింది ఆమె, అత్త లచ్చవ్వ. ఇస్తారి పోయిన నెలకు కిష్టవ్వ గుంతలోకి దిగింది. పెళ్ళయిన నాటి నుంచి మొగుడి పక్కన కూర్చొని కండెలు చుట్టిన మనిషి, చేతులకు పని తెలుసు. వాడలో నాలుగు రోజులు చెప్పుకున్నారు, తర్వాత మానేశారు. నిరుడు దసరాకు ఇస్తారి తమ్ముడు సాంబయ్య ఆకు తెచ్చి మూట మీద పెట్టాడు. అన్నం తిని పోయాడు. ఎవరికీ ఏ ఆలోచనా రాలేదు.

ఈ ఏడు నూలు మీద కంట్రోలు వచ్చింది. మగ్గానికింత అని ఇస్తున్నారు. సాంబయ్యకు ఉన్నది ఒక మగ్గం, ఆ నూలు నెలాఖరు దాకా రావడం లేదు. బతుకమ్మ మొదటిరోజైన ఎంగిలిపూల మర్నాడు అతను వదినె ఇంటికి వచ్చి గడపలో కూర్చున్నాడు.

“వదినే, గుంజలు పీకి మగ్గం మా ఇంట్ల పాతుదం. నువ్వు గాడనే కూసోని నెయ్యి. నిన్ను ఎవలు వద్దన్నరు?”

“నేసిన చీర ఎవలది?”

“ఎవలదేంది? ఇల్లు ఒక్కటే గదా.”

“ఇల్లు ఒక్కటైతే మొన్న నూనె బదులుకు వస్తె అంజవ్వ గిన్నె బోర్లిచ్చి ఎందుకు సూపెట్టింది?”

అంజవ్వ సాంబయ్య భార్య. సాంబయ్య లేచి, కండువా దులిపి, తల్లి వైపు చూశాడు. లచ్చవ్వ కండె చుడుతూ ఉంది, తల ఎత్తలేదు.

“దసరా వస్తుంది వదినే,” అన్నాడు సాంబయ్య. “ఆకు పెట్టాల్సింది నేనే. నేను పెట్టినంక మగ్గం ఏడుంటదో నేను జెప్త. నీ ఇష్టం లేదంటవా, నేను రాను. మూట అట్లనే ఉంటది.”

అతను పోయాక కిష్టవ్వ మగ్గం దగ్గరికి పోయి నిలబడింది. అంచులో గొల్లభామలున్న చీర సగం నేసి ఉంది. మిగతా సగానికి సరిపోయే నూలు ఇంట్లో ఉంది. ఆ చీర మీదే ఇద్దరి తిండీ నడవాలి.

దసరా నాడు తెల్లవారి ఆమె ముందు పక్కింటి పోచయ్య దగ్గరికి వెళ్ళింది. పోచయ్య వాకిట్లో మంట పెట్టి మేకపోతు తలకాయ కాలుస్తున్నాడు.

“పోచయ్యా, జమ్మికి పోయొచ్చినంక జర మా ఇంటికి రా. ఒక ఆకు మూట మీద పెట్టి పో.”

“వస్త. ఆకు నీ చేతుల పెడ్త, కాళ్ళు మొక్కుత. పెద్దదానివి.”

“చేతుల గాదు. మూట మీద.”

పోచయ్య తలకాయను మంటలో తిప్పాడు. “గది మాత్రం నాతోని గాదు.”

“ఎందుకు గాదు?”

“నీ మూట మీద నేను ఆకు పెడితె నీ మగ్గం నాదా? గట్ల అడుగుతరు.”

“ఎవలు అడుగుతరు? నేనైతె అడగను.”

“నువ్వు అడగవు. సాంబయ్య అడుగుతడు. సాంబయ్యను ఎట్లనో తట్టుకుంట. లోపల ఒకతి ఉంది సూడు, ఆమె అడిగితె నేనేం జెప్పాలె?”

లోపల నుంచి భార్య గొంతు వినబడింది. “ఎవలతోని ముచ్చట? తలకాయ మాడుతున్న వాసనొస్తుంది!”

“ఇగో, మొదలైంది,” అన్నాడు పోచయ్య.

కిష్టవ్వ అక్కడి నుంచి కులపెద్ద బుచ్చిరాములు ఇంటికి వెళ్ళింది. ఆయన స్నానానికి పోయాడన్నారు. అరుగు పక్కన నిలబడింది. స్నానం అయింది, ఆయన పూజకు కూర్చున్నాడు. పూజ అయింది, ఆయన తలపాగా చుట్టుకోవడానికి అద్దం ముందు నిలబడ్డాడు. తలపాగా మొదటిసారి కుదరలేదు. అరుగు మీద పురోహితుడు దత్తాత్రి జమ్మిపూజకు కావలసిన సామాన్ల కోసం వచ్చి కూర్చొని ఉన్నాడు. ఆయనకు మజ్జిగ ఇచ్చారు. కిష్టవ్వను ఎవరూ ఎందుకొచ్చావని అడగలేదు. ఎందుకొచ్చిందో అందరికీ తెలుసు.

బుచ్చిరాములు బయటికి వచ్చి చెప్పుల కోసం చూశాడు. ఒకటే కనబడింది.

“పెద్దనాయినా, మూట మీద ఆకు సంగతి,” అన్నది కిష్టవ్వ.

“ఇంటి మగోని పని గది.”

“ఇంట్ల మగోడు లేడు గదా.”

“సాంబయ్య ఉండె గద.”

“సాంబయ్య ఏరుపడి పదేండ్లాయె. గోడ గూడ పెట్టుకున్నడు. గోడ పెట్టిన్నాడు పెద్దమనిషివి నువ్వే ఉంటివి.”

“గోడ పెట్టినా పాలోడు పాలోడే.” ఆయన వంగి అరుగు కింద చూశాడు. “నా ఇంకో చెప్పు ఏడ పాయె?”

“పాలోడు మగ్గం పీక్కపోత అంటుండు. మగ్గం పోతె నేను మా అత్త ఏం తిని బతకాలె?”

“పండుగ పూట గివన్ని వద్దు. రేపు కూసోని మాట్లాడుదం.”

“రేపు మూట ఇప్పాలె గదా పెద్దనాయినా.”

“ఎల్లుండి ఇప్పు.”

“ఆకు లేకుంటె ఎల్లుండి గూడ ఇప్పొద్దు గదా!”

“మరి నన్నేం చెయ్యమంటవు పిల్లా? నేనొచ్చి పెడితె రేపు ఊళ్ళె ఉన్న ముండమోసిన ఆడోళ్ళ మగ్గాలన్ని నాయేనా?”

ఆ మాట అన్నాక ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కిష్టవ్వ కొంగు సరిచేసుకుంది. తర్వాత దత్తాత్రి వైపు తిరిగింది.

“అయ్యగారూ, మీరు ఏటేట చెట్టుకాడ కథ చెప్తరట గద. పాండవులు ఆయుధాలు జమ్మి మీద దాసిపెట్టిన్రని.”

“చెప్త. పన్నెండేండ్లు అడవిల ఉన్నరు. ఆ తర్వాత ఒక ఏడాది ఎవ్వలకు తెల్వకుంట విరాటరాజు కొలువుల ఉండాలె. ఆయుధాలు కనబడితె దొరికిపోతరు. అందుకని మూట గట్టి చెట్టు మీద పెట్టిన్రు. గడువు తీరినంక దించుకున్నరు. గెలిచిన్రు. అందుకే జమ్మికి మొక్కుతం.”

“దించినప్పుడు అర్జునుడు ఏ బట్టల మీద ఉండె?”

దత్తాత్రి మజ్జిగ గ్లాసు కింద పెట్టి నవ్వాడు. “చీర మీదనే ఉండె. ఆడ వేషంల ఆట నేర్పుకుంట ఉన్నడు గద అక్కడ.”

“చేతులకు గాజులు?”

“గాజులు గూడ.”

“మరి చీర మీద ఉన్నాయన ఆయుధం పట్టుకుంటె ఏం గాలే గదా. ఆయనకు ఆకు ఎవలు తెచ్చి పెట్టిన్రు? మరిది వచ్చి పెట్టిండా?”

బుచ్చిరాములుకు రెండో చెప్పు దొరికింది. కాలు దూర్చుకుంటూ అన్నాడు. “అర్జునుడు సీర కట్టుకున్నడు. సీర కట్టుకున్నోళ్ళందరు అర్జునులు గారు.”

అరుగు మీద ఉన్నవాళ్ళు నవ్వారు. దత్తాత్రి నవ్వాడు. కిష్టవ్వకు కూడా నవ్వు రాబోయింది, అందుకు ఇంకా మండింది. ఆమె వెనక్కి తిరిగింది. దత్తాత్రి పూజ బుట్ట సర్దుకుంటూ, ఎవరికని కాకుండా, ఒక మాట అన్నాడు.

“అయినా వాళ్ళకు ఇంటికి ఆకు తెచ్చుడు యాడిది? ఆయుధాలే చెట్టుకాడికి పోయినయి. ఇంటికి ఆకు తెచ్చుడు మనం తర్వాత పెట్టుకున్నదే.”

ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. కిష్టవ్వ ఇంటికి వచ్చింది.

“ఏమన్నడు?” అంది లచ్చవ్వ.

“రేపు అన్నడు.”

“వీని అయ్య గూడ గంతే. నాకు నా తోటికోడలుకు గోడ పంచాయితి ఉండె. రేపు అన్నడు. గోడ కూలింది. తోటికోడలు సచ్చింది. రేపు రాలే.”

“నీ కొడుకు నీతోని ఏమన్న అన్నడా?”

“నా కొడుకు మంచోడు,” అంది లచ్చవ్వ. “నూలు ఉన్నప్పుడు,” అని కలిపింది.

మధ్యాహ్నం దాటింది. వాడలో మాంసం వండుతున్న వాసన. మగవాళ్ళు కొత్త ధోవతులు కట్టుకొని గుంపుగా చంద్లాపూర్ బాట పట్టారు. ముందు డప్పులు. జమ్మిచెట్టు ఊరి బయట ఆ బాట పక్కనే, రాతి గద్దె మీద ఉంది. ఆడవాళ్ళు వాకిట్లో నీళ్ళు చల్లి, తిరిగి వచ్చేవాళ్ళకు హారతి ఇవ్వడానికి పళ్ళేలు సిద్ధం చేస్తున్నారు. కిష్టవ్వకు ఆ పని లేదు. మొగుడు పోయినవాళ్ళను హారతికి పిలవరు.

ఆమె గోడకు ఆనుకొని కూర్చుంది. డప్పుల చప్పుడు దూరం పోయింది. అప్పుడు లేచి కాళ్ళు కడుక్కుంది. పీట ముందు మొక్కి, మూటను రెండు చేతులతో ఎత్తింది.

“ఏడికి?” అంది లచ్చవ్వ.

“చెట్టుకాడికి.”

“మూట?”

“మూట గూడ.”

లచ్చవ్వ ఆమెను చూసింది. ఆ ముడి వేసింది లచ్చవ్వే. సాలెవాడలో ముడి వేసే పని ఇంట్లో పెద్ద ముసలామెది. ఒక్కొక్కరి ముడి ఒక్కో తీరు. లచ్చవ్వది కొసలు లోపలికి దోపిన ముడి.

“ముడి ఇప్పకు.”

“ఇప్పను.”

“తడుమను గూడ తడుమకు.” లచ్చవ్వ లేచి వచ్చి కోడలి నెత్తి మీద చుట్టకుదురు సరిగ్గా పెట్టింది. “పో. సూసెటోళ్ళు ఎట్లన్న సూస్తరు.”

చూశారు. పళ్ళెం పట్టుకున్న ఒకామె, “కిష్టవ్వా, బతుకమ్మ మొన్ననే పాయె గదా, నెత్తి మీద ఏందది?” అంది. కిష్టవ్వ నడుస్తూనే ఉంది.

ఆమె పోయేసరికి పూజ అయిపోయింది. పటేలు మొదటి కొమ్మ కోశాడు. ఆ తర్వాత జరిగేది ఏటా జరిగేదే. జనం చెట్టు మీద పడి చేతికందినంత కోసుకున్నారు. కింది కొమ్మలకు ఆకు లేదు, కొన్నిటికి బెరడు కూడా లేదు. అంతలో బాట అవతలి చేనులో ఎవరో “పాలపిట్ట! పాలపిట్ట!” అని అరిచారు. దసరా నాడు పాలపిట్టను చూడకుండా ఇంటికి పోరు. గుంపు గుంపు అటు పరుగెత్తింది. గద్దె కింద మంట మీద డప్పు కాచుకుంటూ డప్పు కొట్టే అంజన్న ఒక్కడే మిగిలాడు.

“అవ్వా, కిందివన్ని తెంపిన్రు,” అన్నాడు అంజన్న. “మీదివి ఉన్నయి. నేను తెంపిద్దును గని నేను గద్దె ఎక్కొద్దు.”

“నేను గూడ ఎక్కొద్దంటున్రు.”

“మరి?”

“మరేంది? ఆ కట్టె ఇటియ్యి.”

అంజన్న డప్పు కాచడానికి తెచ్చిన గడ్డిలో నుంచి ఒక కట్టె తీసి, చేతికి ఇవ్వకుండా గద్దె మీద పెట్టాడు. కిష్టవ్వ గద్దె ఎక్కింది. మూటను చెట్టు పంగలో పెట్టింది. కట్టెతో పైకొమ్మను వంచింది. కొమ్మ జారిపోయింది. మళ్ళీ వంచింది. మళ్ళీ జారింది. ముల్లు గీరి మణికట్టు మీద రక్తం వచ్చింది. మూడోసారి కొమ్మ కొస చేతికి దొరికింది. ఒక రెమ్మ తుంచి, పంగలో ఉన్న మూట మీద పెట్టి, చేతులు జోడించింది.

“ఏందిది? ఏందిది?” బుచ్చిరాములు చేను గట్టు దాటి వస్తున్నాడు. వెనక పోచయ్య, ఇంకొంతమంది.

“జమ్మి, పెద్దనాయినా.”

“జమ్మి నాకు తెల్సు. మూట ఎందుకు తెచ్చినవు?”

“ఆకు ఇంటికి తెచ్చెటోడు లేడంటిరి గదా. అందుకే మూటనే ఆకుకాడికి తెచ్చిన.”

దత్తాత్రి గుంపులో ఉన్నాడు. బుచ్చిరాములు ఆయన వైపు చూశాడు. దత్తాత్రి పాలపిట్ట ఎటు పోయిందని పక్కవాడిని అడిగాడు.

“సాంబయ్య ఏడి? సాంబయ్యను పిలువుర్రి,” అన్నాడు బుచ్చిరాములు.

“సాంబయ్య పిట్టను సూడనికి గూడ ఆగలేదు,” అన్నాడు పోచయ్య. “పటేలు కోసుడుతోనే ఇంత తెంపుకొని బాట తప్పి చేన్లకెళ్ళి ఉరికిండు. అక్కా, మీ ఇంటికే పోయినట్టుండు.”

కిష్టవ్వ మూటనూ రెమ్మనూ కలిపి నెత్తిన పెట్టుకొని గద్దె దిగింది. దారిలో ఆమెకు ఒకటే తోచింది. తాను వచ్చింది ఆకు కోసం, అటు ఇల్లు వదిలేసింది.

ఆమె వచ్చేసరికి సాంబయ్య గడపలో కూర్చొని ఉన్నాడు. అంజవ్వ వాకిట్లో నిలబడి ఉంది.

“ఆకు పెట్టిన వదినే,” అన్నాడు సాంబయ్య. “అయిపోయింది.”

“దేని మీద పెట్టినవు?”

“మగ్గం మీద.”

కిష్టవ్వ లోపలికి తొంగి చూసింది. నేసిన బట్ట చుట్టుకునే దూలం మీద జమ్మి ఆకు ఉంది. పీట ఖాళీగా ఉంది.

“పెట్టాల్సింది మూట మీద.”

“మూట ఏడ ఉంది? పీట మీద ఉండాలె గద. అవ్వను అడిగితె, నీకు కండ్లు లేవా అంటది.”

“మరి ఉన్నయా?” అంది లచ్చవ్వ లోపల నుంచి.

బుచ్చిరాములు, పోచయ్య, ఇంకొందరు వెనకే వచ్చి వాకిట్లో నిలబడ్డారు. అందరి చేతుల్లోనూ జమ్మి. ఇంకా ఎవరూ ఇంటికి పోలేదు, ఎవరూ హారతి తీసుకోలేదు.

“మగ్గం అంటె కట్టె,” అన్నాడు సాంబయ్య. “కట్టె మీద నా ఆకు పడ్డది. మూట ముందుగాల పీట మీదికెళ్ళి లేపుడే తప్పు. లేపినప్పుడే చెడిపాయె.”

“ముడి ఇప్పితె గదా తప్పు,” అన్నది కిష్టవ్వ. “నేను ఇప్పలే. పెద్దనాయినా, ముడి సూడు.”

ఆమె వంగి మూటను బుచ్చిరాములు ముందుకు చాచింది. ఆయన ముడిని వేలితో తడిమాడు. కొసలు లోపలికే ఉన్నాయి. పసుపు చెదరలేదు.

“లచ్చక్క ముడే,” అన్నాడు.

“మరి తప్పేముంది?”

“తప్పుందని గాదు. గిట్ల ఎవ్వలు చెయ్యలే.”

“చెయ్యలేదంటె తప్పా?”

“తప్పు గాదు, ఒప్పు గాదు. నన్ను తొందర వెట్టకు.” ఆయన ఆకాశం వైపు చూశాడు. “పొద్దు గుంకింది. ఇంటికాడ కూర సల్లారుతుంది. రేపు కూసుందం. సాంబయ్యా, నువ్వు గూడ రేపటి దాంక మగ్గం ముట్టకు.”

“రేపు ఎన్ని గొట్టంగ?” అన్నాడు సాంబయ్య.

“రేపు అంటె రేపు!”

ఆయన కదలబోయి ఆగాడు. చేతిలో జమ్మి ఉంది. పెద్దవాళ్ళ ఇంటికి వచ్చి జమ్మి ఇవ్వకుండా పోకూడదు. లచ్చవ్వ ఆయనకంటే పెద్దది. ఆయన లోపలికి పోయి ఆమె చేతిలో ఆకు పెట్టి కాళ్ళు మొక్కాడు. “బంగారం తీస్కో అక్కా.” పోచయ్య మొక్కాడు. మిగతావాళ్ళు మొక్కారు. ఆ తర్వాత సాంబయ్య ఒక్కడు మిగిలాడు. అంజవ్వ అతని మోచేతిని పొడిచింది. అతను తల్లికి మొక్కాడు. తర్వాత వదినె ముందుకు వచ్చాడు. మూట ఆమె ఎడమ చంకలో ఉంది. కుడిచేయి చాచింది.

“జమ్మి తీస్కో వదినే. బంగారంలెక్క ఉండాలె.”

అతను వంగి ఆమె కాళ్ళకు మొక్కాడు. దండం పెట్టినవాడిని దీవించాలి.

“సల్లగుండు,” అన్నది కిష్టవ్వ, పళ్ళ మధ్య నుంచి.

“గట్లనేనా దీవిచ్చుడు?” అంది అంజవ్వ.

“నీకు వేరేగ దీవిస్త, రా.”

పోచయ్య నవ్వాడు. సాంబయ్య భార్యను తీసుకొని వెళ్ళిపోయాడు. కిష్టవ్వ మూటను పీట మీద పెట్టింది, రెమ్మను దాని మీద పెట్టింది. దూలం మీది ఆకును తీయలేదు. బంగారమని ఇచ్చినదాన్ని చేత్తో తీసి పారేయకూడదు.

ఏకాదశి నాడు పొద్దున్నే ఆమె తలుపు తీసి కూర్చుంది. బుచ్చిరాములు రాలేదు. పొయ్యి అంటించి జొన్న గటక వండింది. బుచ్చిరాములు రాలేదు. పోచయ్య వెళ్ళి చూసి వచ్చి, రాత్రి మాంసం ఎక్కువై ఆయన పడుకొనే ఉన్నాడని చెప్పాడు. సాంబయ్య రెండుసార్లు వాకిలి ముందు నుంచి అటూ ఇటూ నడిచాడు.

“ముడి ఇప్పు అత్తా,” అన్నది కిష్టవ్వ.

లచ్చవ్వ ముడి విప్పింది. కిష్టవ్వ నాడె కళ్ళకద్దుకొని గుంతలోకి దిగింది. సాంబయ్య వాకిట్లో నిలబడ్డాడు.

“నా ఆకు మీదున్నది వదినే. నా మగ్గం మీద నేస్తున్నవు.”

ఆమె నాడె విసిరింది. జానెడు నేశాక బట్టను చుట్టుకోవడానికి దూలాన్ని తిప్పింది. దూలం తిరిగింది, ఆకు గుంతలో పడింది. లచ్చవ్వ వంగి ఆ ఆకు తీసుకొని కొంగున ముడి వేసుకుంది. సాంబయ్య తల్లిని చూశాడు. వాకిలి దాటి వెళ్ళిపోయాడు.

ద్వాదశి నాడు కిష్టవ్వ మళ్ళీ బుచ్చిరాములు ఇంటికి పోయింది. ఆయన హుస్నాబాద్‌లో బిడ్డ ఇంటికి పోయాడని, రేపు వస్తాడని చెప్పారు.

పౌర్ణమికి ముందు రోజు ఆమె చీర పూర్తి చేసి, మూటలోని కత్తెరతో మగ్గం మీద నుంచి కోసింది. బుచ్చిరాములు అప్పటికి తిరిగి రాలేదు.